పండుగ ప్రయాణంలో తెరిచేవేవి, మూసేవేవి?

నేలకొండపల్లి: భద్రాచలంలో రామాలయం కట్టించిన కంచర్ల గోపన్న, మనందరి భక్త రామదాసు, పుట్టిన ఊరు నేలకొండపల్లి. అందుచేత శ్రీరామనవమి దగ్గర పడితే ఈ పల్లెల్లో ఎక్కడ చూసినా భద్రాద్రి ప్రయాణం మాటే. ఖమ్మం, కొత్తగూడెం మీదుగా దారి దాదాపు 140 కిలోమీటర్లు. బస్సులో చోటు దొరకడం ఒక ఎత్తయితే, పండుగపూట ఏవి తెరుస్తారో, ఏవి మూస్తారో తెలియక పడే ఇక్కట్లు మరో ఎత్తు.

బ్యాంకుల సంగతి

2024 ఏప్రిల్ నెలనే చూడండి. 9న ఉగాది, 11న రంజాన్, 13న రెండో శనివారం, 14న ఆదివారం, 17న శ్రీరామనవమి. తొమ్మిది రోజుల్లో ఐదు రోజులు బ్యాంకులకు సెలవే. ఏటీఎం ఉంది కదా అనుకుంటే, వరుస సెలవుల్లో అందులో డబ్బు అయిపోవచ్చు. సెల్‌ఫోన్‌తో చెల్లించడం చేతకాని ముసలివారికి చేతిలో రొక్కం లేకపోతే తిండికీ, తిరుగు టిక్కెట్టుకూ కటకటే. కాబట్టి సెలవులకు ముందే డబ్బు తెచ్చుకోవడం మేలు.

గుడి వేళలు

నవమినాడు కల్యాణం మిట్టమధ్యాహ్నం. మర్నాడు పట్టాభిషేకం. ముక్కోటికి ఉత్తరద్వార దర్శనం తెల్లవారుజామునే గనుక ముందురోజు రాత్రికే చేరుకోవాలి. ఈ రోజుల్లో మామూలు దర్శన వేళలు వర్తించవు. గ్రహణం వస్తే గుడి తలుపులు మూస్తారు. 2025 సెప్టెంబరు 7న చంద్రగ్రహణం ఆదివారం వచ్చింది. సెలవు కలిసొచ్చినా ఆ రాత్రి దర్శనాలు లేవు.

పండుగ అంటే అన్నీ మూతే అనుకోరాదు. రంజాన్ నెలలో పట్నాల్లో కొన్ని బజార్లు రాత్రి పొద్దుపోయేదాకా సాగుతాయి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ మాత్రం కొన్ని దుకాణాలు కాసేపు మూస్తారు. అక్టోబరు 2 గాంధీ జయంతినాడు మాంసం, మద్యం దుకాణాలు తెరవరు.

ఇక మన ఊరి మాట. రామదాసు ధ్యాన మందిరం, బౌద్ధ స్థూపం చూడవచ్చేవారికి తీరిక దొరికేది సెలవునాడే. ఆ రోజే మన దుకాణాలు మూస్తే చంటిబిడ్డతో వచ్చిన తల్లికి పాలు కూడా దొరకవు. వ్యాపారికీ బేరం పోతుంది. పండుగ అందరికీ ఉండాలి. అయినా వర్తకులు వంతులు వేసుకుని ఒక హోటలు, ఒక మందుల దుకాణం తెరిచి ఉంచడం కష్టం కాదు. ఆ వివరాలు బస్టాండు దగ్గర బోర్డు మీద రాయిస్తే దూరాన్నుంచి వచ్చినవారికి ఎంతో ఆసరా. పంచాయతీవారు, వర్తకులు కలిసి ఆలోచించాలి.