ఓపెన్ సోర్స్ మూలపాఠములు – త్రికసూచికా విధానము

ఒక కావ్యమునందు ఒకానొక పదము ఎన్నిచోట్ల ప్రయుక్తమైనదో తెలిసికొనవలెనన్నచో పరిశోధకునకు రెండు మార్గములు కలవు. కావ్యమును మొదటినుండి తుదివరకు చదువుట యొకటి. పదసూచికను విప్పి చూచుట రెండవది. మొదటిది నమ్మదగినది, కాని మిక్కిలి శ్రమతో కూడినది. రెండవది సులభమైనది, కాని సూచికాకర్త విడిచిన పదము దానిలో దొరకదు. కంప్యూటరు ప్రోగ్రాముల మూలపాఠములను వెదకుటయందును ఈ రెండు మార్గములే కలవు. ఒకదాని నమ్మకమును, రెండవదాని వేగమును కలుపుకొన్న విధానము త్రికసూచిక. దానిని వివరించి, దాని ఫలితములను ఎంతవరకు ప్రమాణముగా గైకొనవచ్చునో విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ప్రోగ్రామరు వ్రాయు పాఠమును సోర్స్ కోడ్ అందురు. దానిని ఎల్లరును చదువుటకు, మార్చుటకు, పంచుకొనుటకు అనుమతినిచ్చు లైసెన్సుతో వెలువడునది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. ఇట్టి పాఠములను వాని మార్పుల చరిత్రతో సహా భద్రపరచు తావులు రిపాజిటరీలు. అనుమతి కలదు గనుక ఒకరి పాఠము మరియొకరి ప్రోగ్రాములో చేరుట ఇచ్చట సహజము. దీనివలన మేలెంత కలదో చిక్కును అంతయే కలదు. 2002లో జ్లిబ్ అను లైబ్రరీలో ఒక భద్రతాదోషము బయటపడినది. సమాచారమును కుదించుటకు ఉపకరించు ఆ లైబ్రరీని అనేక ప్రోగ్రాములు తమలో ప్రతిగా చేర్చుకొని యుండెను. మూలమును దిద్దినంతమాత్రమున ప్రతులు దిద్దబడవు. అవి ఎక్కడెక్కడ నున్నవో వెదకి పట్టుకొనవలెను. ఒక్క ప్రతి మిగిలినను దోషము మిగిలినట్లే. కావున ఈ అన్వేషణమునందు ‘దొరికినది’ అనుటకంటె ‘ఇక నెచ్చటను లేదు’ అనగలుగుటయే ముఖ్యము.

మొదటి మార్గమునకు చక్కని ఉదాహరణము గ్రెప్. కెన్ థామ్సన్ రచించిన ఈ పనిముట్టు యునిక్స్ వ్యవస్థయొక్క 1973 నాటి వివరణగ్రంథమునందే కనిపించుచున్నది. ఇది ఫైలును పంక్తివెంబడి పంక్తిగా చదివి, కోరిన ఆకృతిగల పంక్తులను చూపును. ఒక ప్రోగ్రామునకు ఇది చాలును. లక్షలకొలది ప్రోగ్రాములను ప్రతి ప్రశ్నకును మొదటినుండి చదువుట మాత్రము సాధ్యము కాదు.

ఇక పదసూచికనే యేల వాడరాదని శంక కలుగవచ్చును. వ్యావహారిక గ్రంథములను వెదకు యంత్రములు పదములనే సూచించును, విరామచిహ్నములను విడిచిపుచ్చును. కోడునందో, కుండలీకరణము, చుక్క, సమానచిహ్నము మొదలగునవి కూడ అర్థవంతములు. పేరులోని ఒక భాగమును మాత్రమే వెదకవలసిన సందర్భములును పెక్కు. కావున పదముకంటె చిన్నదియగు ప్రమాణము కావలసివచ్చినది. 2006లో గూగుల్ సంస్థ కోడ్ సెర్చ్ అను సేవను ప్రారంభించినది. అచ్చట శిక్షణకై చేరిన విద్యార్థి రస్ కాక్స్ దానిని నిర్మించెను. ఆ సేవ 2012 జనవరిలో మూతపడినది. అదే నెలలో కాక్స్ దాని మర్మమును ఒక వ్యాసమున వెల్లడించి, ఆ విధానముననుసరించు చిన్న ప్రోగ్రామును కూడ ప్రకటించెను. డెబియన్ వ్యవస్థలోని మూలపాఠములన్నిటిని వెదకుటకై 2012లో మైకేల్ స్టాపెల్‌బర్గ్ నిర్మించిన సేవకు ఇదియే ఆధారమైనది.

విధానమిది. వరుసగా వచ్చు మూడు గుర్తుల తునకను త్రికమందము. మెమరీలోని సమాచారమును ఒకచోటినుండి మరియొకచోటికి నకలుచేయు సి భాషాప్రమేయము పేరునందు ఎమ్, ఇ, ఎమ్, సి, పి, వై అను ఆరక్షరములు కలవు. ఇందు ‘ఎమ్-ఇ-ఎమ్’, ‘ఇ-ఎమ్-సి’, ‘ఎమ్-సి-పి’, ‘సి-పి-వై’ అను నాలుగు త్రికములు ఏర్పడును. ఏ త్రికము ఏయే ఫైళ్లలో నున్నదో సూచిక ముందుగనే వ్రాసియుంచును. ప్రశ్న వచ్చినప్పుడు నాలుగు పట్టికలయందును కనిపించు ఫైళ్లను మాత్రమే ఏరి, పిదప వానిని గ్రెప్ వలె సాంతముగా చదువును. నాలుగు త్రికములును వేర్వేరు తావులనుండి, పేరు మాత్రము లేని ఫైలును ఏరబడవచ్చును. రెండవ పఠనమున అది తొలగిపోవును. పేరున్న ఫైలు మాత్రము ఎన్నడును జారిపోదు, ఏలయన పేరున్నచోట దాని త్రికములన్నియు నుండితీరవలెను. అనగా సూచిక అనుమానమును మాత్రమే కలిగించును, నిర్ణయము పాఠముదే. మూడు గుర్తులకంటె తక్కువైన ప్రశ్నకు ఈ సూచిక సాయపడదు.

రాశి పెరిగినకొలది కొత్త ఇబ్బందులు తోచినవి. 2023లో గిట్‌హబ్ సంస్థ తన నూతనాన్వేషణ వ్యవస్థను వివరించుచు, 4.5 కోట్ల రిపాజిటరీలలో 115 టెరాబైట్ల కోడును సూచించితిమని తెల్పినది. ప్రతులను తొలగింపగా మిగిలిన విశిష్టపాఠము 28 టెరాబైట్లు మాత్రమే. ఒకరి పాఠము మరియొకరిలో చేరుట ఎంత విస్తారమో ఈ లెక్కయే చాటుచున్నది. ఇంత రాశిలో ‘ఎఫ్-ఓ-ఆర్’ వంటి త్రికము దాదాపు అంతటను కనిపించును గాన, వారు నిడివి మారు తునకలను స్వీకరించిరి.

తెలుగు పాఠముల విషయమున ఒక విశేషము గమనింపదగినది. గ్నోమ్, ఫైర్‌ఫాక్స్ మున్నగువాని తెలుగు అనువాదములు కూడ రిపాజిటరీలలోనే యున్నవి. యుటిఎఫ్-8 పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు ఒక బైటు, తెలుగు గుర్తునకు మూడు బైట్లు పట్టును. తెలుగు గుర్తులన్నిటికి మొదటి బైటు ఒక్కటే. రెండవది రెంటిలో నొకటి. కాక్స్ ప్రోగ్రామువలె బైట్లనే లెక్కించు సూచికలో త్రికమనగా ఇంచుమించు ఒక్క తెలుగు గుర్తే యగును. ‘త’ అను గుర్తు లేని తెలుగు ఫైలుండదు గాన వడపోత చాలవరకు వ్యర్థము. ఫలితము తప్పదు, ఆలస్యమగును. బైట్లను గాక గుర్తులను లెక్కించినచో ఈ లోపము తీరును. కాని ‘అంకము’ అని వెదకినవారికి ‘అఙ్కము’ దొరకదు. ‘సాఫ్ట్‌వేర్’ అను పదమధ్యమున ఒత్తు పడకుండ నిలుపు అదృశ్యచిహ్నమును విడిచి వెదకినను ఫలితము శూన్యమే. ఈ లోపమును ఏ త్రికసూచికయు తీర్పజాలదు.

ఇంతకంటె గంభీరమైన పరిమితి మరియొకటి కలదు. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అను దోషము వెల్లడియైనది. 2012 మార్చిలో వెలువడిన 1.0.1 ప్రతినుండియు అది ఎల్లరి కన్నులయెదుటనే యుండెను. పైని ఉదాహరించిన నకలుప్రమేయమే అందును పనిచేసినది. ఆ పంక్తిలో తప్పులేదు. ఎదుటివారు చెప్పిన నిడివి సరియైనదో కాదో పరీక్షింపవలసిన పంక్తి దానికి ముందు లేకపోవుటయే తప్పు. అక్షరములను వెదకు సూచిక ఉన్నదానిని చూపును. ఉండవలసి లేనిదానిని చూపదు. అట్టివానికై ప్రోగ్రాముయొక్క నిర్మాణమును విశ్లేషించు పనిముట్లు వేరుగా కలవు.

కావున ‘ఎచ్చటను లేదు’ అని వ్రాయు పరిశోధకుడు తాను వెదకిన భాండారమేదో, ఏ దినమున వెదకెనో, ఏ శాఖలను వెదకెనో, ఏ యాకృతితో వెదకెనో చెప్పవలెను. గిట్‌హబ్ అన్వేషణము రిపాజిటరీయొక్క ప్రధానశాఖను మాత్రమే చూచునని మరువరాదు. సేవలు మూతపడుట గూడ చూచితిమి. 2016లో ఇన్రియా సంస్థ ప్రకటించిన సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ భాండారము పాఠమునుబట్టియే గణించిన గుర్తింపుసంఖ్యను ఒసగుచున్నది. పాఠమున ఒక్క అక్షరము మారినను ఆ సంఖ్య మారును. ఉదాహరించు పాఠమునకు ఆ సంఖ్యను జతచేసినచో తరువాతివాడు అదే పాఠమును చూచి మన మాటను పరీక్షింపగలడు. తాళపత్రప్రతుల సంఖ్యను పేర్కొనక పాఠభేదమును చర్చించిన వ్యాసమును మనము అంగీకరింపము. కోడు విషయమునను మన నియమము అదియే కావలెను.