దవడవాపులోని పసుపు రేణువు

పిప్పిపన్ను పీకించుకొనిన కొన్ని వారములకు ఒకానొకని దవడక్రింద వాపు పొడసూపును. నొప్పి అంతగా నుండదు, జ్వరము స్వల్పము. తాకి చూచినచో కొయ్యముక్కవలె గట్టిగా నుండును. క్రమముగా చర్మము ఊదారంగునకు మారి, అచ్చటచ్చట చిన్న రంధ్రములు పడి చీము కారును. ఒకటి మానునంతలో ప్రక్కన మరియొకటి తెరచుకొనును.

గడ్డ కఠినముగా నుండుటచే కాన్సరనియు, చీము ఎడతెగక కారుటచే క్షయయనియు వైద్యుడు శంకించును. కాన్సరని నిశ్చయించి కత్తి పట్టినచో, మందుతోనే మానదగిన దవడ వికృతమగును.

నిజము తెలుపునది ఆ చీమే. దానిలో ఆవగింజకంటె చిన్నవైన పసుపుపచ్చని రేణువులుండును. ఒక్కొక్కప్పుడు చీములో కానరాక, గాయమునకు కట్టిన గుడ్డకు అంటుకొని దొరకును. వీనిని గంధకరేణువులందురు గాని, వీనిలో గంధకము లేదు. రంగునుబట్టి వచ్చిన పేరది. ఒక రేణువును గాజుపలకల నడుమ నలిపి, రంగువేసి, సూక్ష్మదర్శినితో చూచినచో, చిక్కుపడిన సన్నని పోగుల ఉండయు, దాని అంచున సూర్యకిరణములవలె నలుదెసలకు చిమ్మిన కొనలును కనబడును.

1877లో జర్మనీయందు బోలింగరు అను శాస్త్రజ్ఞుడు పశువుల దవడలలోని ఇట్టి వ్యాధిని వర్ణించెను. వృక్షశాస్త్రజ్ఞుడగు హార్జు ఆ జీవికి ‘ఆక్టినోమైసిస్’, అనగా కిరణశిలీంధ్రము, అని పేరిడెను. మరుసటి సంవత్సరమే బెర్లిను నగరపు శస్త్రవైద్యుడు జేమ్స్ ఇజ్రాయెల్ మనుష్యులయందును ఈ వ్యాధిని వెల్లడించెను. అది శిలీంధ్రము కాదు, బాక్టీరియా యని తరువాత తేలినది. పేరు మాత్రము మారలేదు!

గడ్డిపరకలు నమలుటచే ఇది సోకునని పూర్వము తలచిరి. ఈ సూక్ష్మజీవి బయటినుండి రానక్కరలేదు. ఆరోగ్యవంతుల నోటిలోనే పండ్లసందులందు అది ఏ కీడును చేయక వసించును. పన్ను పుచ్చినను, ఎముక విరిగినను లోతునకు దారి దొరకును. ప్రాణవాయువు చాలనిచోటనే అది వృద్ధిపొందును.

ఈ స్వభావమే పరీక్షాలయమును మోసగించును. వైద్యుడు తన అనుమానమును ముందుగా తెలుపనిచో, అచ్చటివారు చీమును సాధారణరీతిని గాలిలోనుంచి, రెండు మూడు దినములకు ‘ఏమియు పెరుగలేదు’ అని వ్రాసి పంపుదురు. ప్రాణవాయువు లేనిచోట రెండువారములు వేచియుండవలెను. రోగి అంతకుమునుపే కొన్నాళ్లు సూక్ష్మజీవనాశకములగు మందులు పుచ్చుకొనియున్నచో, అప్పుడును పెరుగకపోవచ్చును. కావుననే కంటికి కనబడు ఆ రేణువునకు అంత విలువ.

వ్యాధి తెలిసిన పిదప మందు కొరత లేదు. పెన్సిలిన్ దీనికి బాగుగా లొంగదీయును. అయితే దినములు చాలవు, నెలల తరబడి వాడవలెను. వాపు తీసినదని నడుమ మానినవారికి అది మరల తిరుగబెట్టుట కలదు.