కళ్లు ఉండేది ముఖం మధ్యలో!

చెట్టు, ఇల్లు, కొండల మధ్య సూర్యుడు... ఇంతవరకు అందరూ గీసేస్తారు. మనిషి ముఖం అనేసరికి మాత్రం ‘నాకు బొమ్మలు రావు’ అంటూ పెన్సిల్ పక్కన పెట్టేస్తారు. నిజానికి ఇబ్బంది చేతిలో కన్నా చూపులోనే ఎక్కువ. ముఖాన్ని తీరిగ్గా చూడటం అలవాటైతే ఏ వయసులోనైనా గీయటం నేర్చుకోవచ్చు. ఇది మనసుకు ఊరట. అంతేకాదు, ఇంట్లోవాళ్ల ముఖంలో వచ్చే మార్పులను కనిపెట్టే అలవాటు కూడా.

తెలిసిన ముఖమే.. ఎందుకు కుదరదు?

అద్దం ముందు నిలబడి, స్కేలుతో నడినెత్తి నుంచి కళ్ల వరకు ఎంతుందో చూడండి. తర్వాత కళ్ల నుంచి గడ్డం అడుగు వరకు కొలవండి. రెండూ ఇంచుమించు సమానంగా ఉంటాయి. అంటే కళ్లు తలకు సరిగ్గా మధ్యలో ఉంటాయన్నమాట. కానీ కొత్తగా గీసేవారి బొమ్మల్లో కళ్లు నుదుటి మీదికి ఎక్కేస్తాయి. మన ధ్యాసంతా కళ్లు, ముక్కు, నోటి మీదే ఉండటం దీనికి కారణం. నుదురు, నడినెత్తిలో చూడటానికి ఏమీ లేదనుకుని ఆ భాగాన్ని కుదించేస్తాం.

ఇంకో చిక్కూ ఉంది. కళ్లంటే చేపలు, ముక్కంటే సంపెంగ, పెదవులంటే దొండపండు అని వింటూ పెరిగాం. పద్యంలో ఈ పోలికలు అందమే. కాగితం మీద మాత్రం ఎదురుగా ఉన్న కన్నును వదిలేసి, మనసులో ఉన్న చేపనే గీసేస్తాం. అందుకే అమ్మను గీసినా, అత్తను గీసినా ఒకేలా ఉంటాయి.

మెదడు తీరు కూడా ఇందుకు తోడవుతుంది. ముఖాలను చూసినప్పుడు ప్రత్యేకంగా స్పందించే భాగం మెదడు అడుగున ఉంటుందని 1997లో నాన్సీ కాన్విషర్ బృందం స్కాన్ల సాయంతో వివరించింది. ముఖాన్ని మెదడు విడివిడి భాగాలుగా కన్నా మొత్తంగా ఒకేసారి పట్టేస్తుంది. మనిషిని గుర్తుపట్టటానికి ఇది గొప్ప సదుపాయం. గీయటానికి మాత్రం అడ్డంకి. దీన్ని దాటటానికి తేలికైన చిట్కా.. ఫొటోను తలకిందులుగా పెట్టుకుని గీయటం. అమెరికా చిత్రకళ ఉపాధ్యాయురాలు బెట్టీ ఎడ్వర్డ్స్ 1979లో తన పుస్తకంతో దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. తలకిందులైన ముఖాన్ని మెదడు చటుక్కున గుర్తించలేదు. అప్పుడు గీతలు, వంపులు, నీడలు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి.

బొమ్మ కుదరకపోయినా మేలే

అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో 39 మంది పెద్దలతో 45 నిమిషాల పాటు బొమ్మలు వేయించటం, మట్టితో ఆకారాలు చేయించటం వంటివి చేశారు. దాదాపు 75 శాతం మందిలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గింది. ముందు నుంచీ కళలో అనుభవం ఉందా, లేదా అన్నదానితో తేడా ఏమీ రాలేదు. ఇది చిన్న అధ్యయనమే. అయినా ‘బాగా వస్తేనే గీయాలి’ అనుకునేవారికి ధైర్యాన్నిచ్చే విషయం.

జ్ఞాపకశక్తికీ ఇది పనికొస్తుంది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం ప్రయోగాల్లో పదాలను రాసుకున్నప్పటి కన్నా బొమ్మగా గీసుకున్నప్పుడే ఎక్కువగా గుర్తున్నాయి. 85 ఏళ్లు దాటినవారిపై మేయో క్లినిక్ 2015లో వెల్లడించిన అధ్యయనంలో.. నడివయసులోనూ, మలివయసులోనూ చిత్రలేఖనం వంటి కళలు సాధన చేసినవారిలో స్వల్ప మతిమరుపు సమస్య తక్కువగా కనిపించింది. అంతమాత్రాన బొమ్మలే మతిమరుపును ఆపుతాయని కాదు. ఆరోగ్యంగా, చురుకుగా ఉన్నవారే ఇలాంటి పనులు కొనసాగిస్తుండొచ్చు కూడా. మందులకు, వ్యాయామానికి ఇది ప్రత్యామ్నాయం కాదు.

ఇలా మొదలుపెట్టండి

హెచ్‌బీ, 2బీ, 4బీ పెన్సిళ్లు, ఒక రబ్బరు, తెల్ల కాగితాలు చాలు. ముందుగా కోడిగుడ్డు ఆకారాన్ని సన్నటి కోణం కిందికి వచ్చేలా లేతగా గీయండి.

* కళ్లు: గుడ్డును నిలువుగా, అడ్డంగా సగం చేయండి. అడ్డగీత మీదే కళ్లు. రెండు కళ్ల మధ్య సుమారు ఒక కన్ను పట్టేంత చోటుండాలి. నల్లగుడ్డును పూర్తి సున్నాలా గీస్తే భయపడ్డట్టు కనిపిస్తుంది. మామూలుగా పైరెప్ప దాని పైఅంచును కొద్దిగా కప్పేస్తుంది. వెలుగు పడే చుక్కను తెల్లగా వదిలేయండి, కన్నుకు జీవం వస్తుంది.
* ముక్కు: కళ్ల గీతకూ గడ్డానికీ నడుమ ముక్కు అడుగు వస్తుంది. పక్కన రెండు గీతలు గీయకండి. ముక్కు కింద, ఒక పక్కన నీడ వేస్తే ఆకారం దానంతటదే లేస్తుంది.
* నోరు: పెదవులు కలిసే గీత ముక్కు అడుగు నుంచి గడ్డం వైపు మూడో వంతు దూరంలో ఉంటుంది. అన్నింటికన్నా ముదురుగా ఉండాల్సింది ఆ గీతే. పెదవుల చుట్టూ గట్టి అంచు గీయొద్దు. పై నుంచి వెలుగు పడితే పైపెదవి ముదురుగా, కిందిది లేతగా కనిపిస్తుంది.
* చెవులు: సుమారుగా కనుబొమల ఎత్తు నుంచి ముక్కు అడుగు వరకు.

ఈ కొలతలు ఆసరా కోసమే. పసిపిల్లల్లో నుదురు పెద్దది, కళ్లు సగం గీతకు కాస్త కిందే ఉంటాయి. వయసు మీద పడ్డవారిలో పెదవులు పలచబడతాయి, చెవులు పొడవుగా కనిపిస్తాయి. పోలికంతా ఈ తేడాల్లోనే ఉంటుంది.

రోజుకు 20 నిమిషాలు చాలు. మొదటి రెండు రోజులు కళ్లు, తర్వాత రెండు రోజులు ముక్కు, ఆపై రెండు రోజులు నోరు గీయండి. ఏడో రోజు మొత్తం ముఖం ప్రయత్నించండి. కింద తేదీ వేసి దాచుకోండి. నెల తర్వాత తిరగేస్తే మార్పు మీకే తెలుస్తుంది. పిల్లలు పక్కన కూర్చుంటే వాళ్ల బొమ్మను దిద్దకండి. ‘తాతయ్య కనుబొమలు ఎలా ఉన్నాయో చూడు’ అని చూపు మళ్లించండి, చాలు.

మెడ వంచేసి కూర్చోవద్దు. అట్టను కాస్త ఏటవాలుగా పెట్టుకోండి. పెన్సిల్‌ను గట్టిగా బిగించి పట్టుకుంటే వేళ్లు, మణికట్టు నొప్పెడతాయి. ప్రతి 20 నిమిషాలకు 20 సెకన్ల పాటు 20 అడుగుల దూరం చూడండి. నలభై దాటాక గీతలు మసకగా అనిపిస్తే ముందు కళ్లద్దాల సంగతి చూపించుకోవాలి.

మార్పు కనిపిస్తే..

ఎవరి ముఖమూ రెండు వైపులా అచ్చంగా ఒకేలా ఉండదు. ఒక కనుబొమ కాస్త ఎత్తు, నవ్వితే ఒక మూల కాస్త ఎక్కువ సాగటం సహజం. ఇంట్లోవారి ముఖాలను గీస్తుంటే ఈ సహజమైన తేడాలు బాగా గుర్తుంటాయి. అందువల్ల కొత్తగా వచ్చిన తేడాను పోల్చుకోవటమూ తేలికవుతుంది.

నోరు ఉన్నట్టుండి ఒక వైపు జారినా, రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి కిందికి వాలినా, మాట ముద్దగా వచ్చినా పక్షవాతం కావొచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయో గుర్తుంచుకుని డాక్టర్‌కు చెప్పాలి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా 4.5 గంటల్లోపే ఇవ్వాల్సి ఉంటుంది. ముఖనాడి దెబ్బతిన్నప్పుడూ నోరు వంకర పోతుంది. ఇందులో సాధారణంగా అదే వైపు నుదుటి ముడతలు పడవు, కన్ను సరిగా మూసుకోదు. కానీ ఏది ఏదో ఇంట్లో తేల్చుకుంటూ కూర్చోకూడదు.

గీతల్లో వచ్చే మార్పునూ గమనించాలి. రాసేకొద్దీ అక్షరాలు చిన్నవైపోతుంటే పార్కిన్సన్స్ ఉందేమో చూపించుకోవాలి. మెదడు కుడి వైపు దెబ్బతిన్నవారిలో కొందరు బొమ్మలో ఎడమ సగాన్ని గీయకుండా వదిలేస్తారు. అది చూపు లోపం కాదు, ఆ వైపు ధ్యాస లేకపోవటం. మతిమరుపు పరీక్షల్లో డాక్టర్లు గడియారం గీసి 11 గంటల 10 నిమిషాలు చూపించమని అడిగేదీ ఇలాంటి మార్పులను పట్టుకోవటానికే. చేయి తిరగక బొమ్మ వంకర పోతే కంగారు అక్కర్లేదు. ఇన్నాళ్లూ బాగా గీసినవారి గీత తప్పుతుంటే మాత్రం, తేదీలు వేసి దాచిన ఆ కాగితాలను వెంట తీసుకుని న్యూరాలజిస్టును కలవండి.