రెండు టెస్టుల క్రీడాజీవితం: కోటా రామస్వామి

1. ఉపోద్ఘాతం

రుషికొండకు సమీపాన, విశాఖపట్నం మధురవాడలోని క్రికెట్ మైదానంలో తొలి టెస్టు 2016 నవంబరు 17న ఇంగ్లండ్‌తో ఆరంభమైంది. అంతకు 80 ఏళ్ల ముందు, 1936లో, ఇంగ్లండ్‌లో పర్యటించిన భారత జట్టుకు నాటి విశాఖపట్నం జిల్లాలోని విజయనగరం సంస్థాన రాజకుమారుడు ‘విజ్జీ’ నాయకత్వం వహించాడు. ఆ జట్టులో ఆడిన తెలుగువారిలో విజ్జీ పేరు, సి.కె. నాయుడు పేరు చరిత్రలో నిలిచాయి. కోటా రామస్వామి పేరు మాత్రం మరుగున పడింది. ఆయన టెస్టు జీవితం అంత స్వల్పం కావడానికి గల కారణాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

2. నేపథ్యం

రామస్వామి 1896 జూన్ 16న మద్రాసులో జన్మించాడు. దక్షిణాదిలో భారతీయుల క్రికెట్‌కు పునాది వేసిన బుచ్చిబాబు నాయుడు ఆయన తండ్రి. మాతామహుని దత్తత వల్ల ‘కోటా’ ఇంటిపేరు వచ్చింది. కేంబ్రిడ్జిలో చదువుకున్న ఆయన 1922లో డేవిస్ కప్ టెన్నిస్ పోటీలలో భారతదేశం తరఫున ఆడాడు. జీవనాధారం మాత్రం ఆట కాదు, మద్రాసు ప్రభుత్వ వ్యవసాయ శాఖలో ఉద్యోగం.

3. టెస్టు ప్రదర్శన

1936 జూలైలో మాంచెస్టర్‌లో తొలి టెస్టు ఆడేనాటికి ఆయన వయస్సు 40 సంవత్సరాలు. అక్కడ 40, 60 పరుగులు చేశాడు. ఆగస్టులో ఓవల్ మైదానంలో 29, అజేయంగా 41 పరుగులు సాధించాడు. మొత్తం 170 పరుగులు, సగటు 56.66. మూడుసార్లు మాత్రమే అవుటైనందున ఈ సగటును దీర్ఘకాలం ఆడినవారి సగటుతో సరిపోల్చడం సమంజసం కాదు. అయితే నాలుగు ఇన్నింగ్స్‌లో ఒక్కదానిలోనూ ఆయన విఫలం కాలేదన్నది గమనార్హం. అదే పర్యటనలో విజ్జీ మూడు టెస్టుల ఆరు ఇన్నింగ్స్‌లో చేసినవి 33 పరుగులు.

4. స్వల్పతకు కారణాలు

భారతదేశం తొలి టెస్టు ఆడింది 1932లో. అప్పటికే రామస్వామికి 36 ఏళ్లు. ఆటగానిగా ఆయన యౌవనకాలమంతా భారత జట్టుకు టెస్టు హోదా లేని రోజులలోనే గడిచింది. 1932 నుంచి 1936 వరకు దేశం ఆడిన టెస్టులు ఏడు మాత్రమే. 1934లో సొంత నగరం మద్రాసులో జరిగిన టెస్టులోనూ ఆయనకు స్థానం దక్కలేదు. 1936 తరువాత 1946 వరకు భారత జట్టు ఒక్క టెస్టు కూడా ఆడలేదు. కనుక ఆయన క్రీడాజీవితాన్ని కుదించింది సామర్థ్య లోపం కాదు, నాటి క్రీడా వ్యవస్థ, కాలక్రమం.

5. ముగింపు

అనంతరం ఆయన 1953 వెస్టిండీస్ పర్యటనలో భారత జట్టుకు మేనేజరుగా వ్యవహరించాడు. 1985 అక్టోబరులో మద్రాసులోని ఇంటి నుంచి వెళ్లి తిరిగి రాలేదు. ఆయన మరణ తేదీ నేటికీ నిర్ధారణ కాలేదు. ఆడిన మ్యాచ్‌ల సంఖ్యే క్రీడాచరిత్రకు కొలమానమైతే ఇటువంటివారు అందులో అధఃసూచికలుగానే మిగులుతారు. దక్కిన అవకాశాలను కూడా లెక్కలోకి తీసుకున్నప్పుడే తెలుగువారి క్రీడాచరిత్ర సమగ్రమవుతుంది.