రేడియేటర్లు విప్పేసినా వేణ్ణీళ్లు వస్తాయా?

బ్రిటన్‌లో పాత ఇల్లు కొని బాగుచేయించుకునేవాళ్లకు ఒక చిక్కు తప్పదు. ప్లాస్టరింగ్ కోసం గోడల మీది రేడియేటర్లన్నీ విప్పేయాలి. అవి మళ్లీ ఎక్కడానికి వారాలు పట్టవచ్చు. అందాకా చన్నీళ్ల స్నానమేనా?

అక్కర్లేదు. ఇంట్లో ఉన్నది గదుల వేడికీ వేణ్ణీళ్లకూ ఒక్కటే అయిన కాంబి బాయిలరైతే రేడియేటర్లు లేకుండానే వేణ్ణీళ్లు ఇస్తుంది.

మన గ్యాస్ గీజర్‌లో కుళాయి నీరే మంట మీదుగా పోయి వేడెక్కుతుంది. కాంబిలో మంట సెగ తగిలేది వేరే నీటికి. పంపు తోస్తుంటే ఆ నీరు రేడియేటర్లన్నీ చుట్టి మళ్లీ బాయిలర్‌కే చేరుతుంది. వేడినీటి కుళాయి తిప్పగానే సెన్సర్ పసిగడుతుంది, డైవర్టర్ వాల్వ్ రేడియేటర్ల దారి మూసి ఆ నీటిని ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్‌లోకి మళ్లిస్తుంది. అది పలుచని స్టీలు పలకల దొంతర. పలకకు ఒక పక్క బాయిలర్ నీరు, రెండో పక్క కుళాయి నీరు. దాటేది వేడి మాత్రమే. 24 కిలోవాట్ల బాయిలర్ నిమిషానికి దాదాపు 10 లీటర్ల నీటిని 35 డిగ్రీలు వేడెక్కించగలదు. ఆ పనిలో రేడియేటర్ల ప్రమేయమే లేదు.

అయితే లోపలి నీరు ఉండి తీరాలి, అదీ ఒత్తిడితో. అందుకే ప్లంబర్లు బాయిలర్ కింది ఫ్లో, రిటర్న్ కొసలను మూసేస్తారు, లేదా రాగి గొట్టంతో రెంటినీ కలుపుతారు. ఏది సరైనదో ఆ మోడల్ మాన్యువల్‌లో చూడాల్సిందే. తర్వాత ఫిల్లింగ్ లూప్ వాల్వ్ తిప్పి, చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ గేజ్ ముల్లు 1 నుంచి 1.5 బార్ మధ్య నిలిచేలా నీరు నింపుతారు. వేడికి వ్యాకోచించే నీటికి లోపలి ఎక్స్‌పాన్షన్ వెసెల్ చోటిస్తుంది.

హీటింగ్ మాత్రం ఆపేసి ఉంచాలి. థర్మోస్టాట్ పొరపాటున వేడి అడిగితే, ఆ వేడి పోవడానికి చోటుండదు. బాయిలర్ వెలుగుతూ ఆరుతూ సతమతమవుతుంది, చివరికి లాకౌట్ అయి ఆగిపోతుంది.

రేడియేటర్లు తిరిగి బిగించేముందు పాత గొట్టాలను కడిగించడం మరవకూడదు. వాటిలో పేరుకున్న నల్లటి ఇనుప మడ్డి ఆ పలకల సందుల్లో చేరితే వేణ్ణీళ్లు గోరువెచ్చగా మారతాయి. ఇక గ్యాస్ జోలికి వెళ్లాల్సి వస్తే, డబ్బు తీసుకుని ఆ పని చేసేవారి పేరు గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉండాలన్నది అక్కడి చట్టం.