విద్యార్థుల మద్యపానము: కీడునకు కొలత

మద్యమును గ్లాసులతో కొలువవచ్చును. అది కలిగించు కీడును కొలుచుట యెట్లు?

1993లో అమెరికాలోని హార్వర్డు ప్రజారోగ్య విద్యాలయమువారు 140 కళాశాలలలో 17,000 మందికి పైగా విద్యార్థులను ప్రశ్నించిరి. ఒక చిన్నసీసా బీరును ఒక మోతాదుగా గ్రహించి, గడచిన రెండు వారములలో ఒక్కపట్టున పురుషుడు ఐదు, స్త్రీ నాలుగు మోతాదులు త్రాగినచో అది అతిపానమనిరి. నాలుగింటితో స్త్రీకి కలుగు చిక్కులు ఐదింటితో పురుషునికి కలుగువానికి ఇంచుమించు సమానమగుటయే యీ భేదమునకు కారణము. నూటికి 44 మంది యీ లెక్కలోనికి వచ్చిరి.

త్రాగిన మోతాదు ఒకటియైనను ఫలితము అందరియందు ఒకటి కాదు. కావున పాఠములు తప్పినవా, చేసినది మరచితిరా, కలహించితిరా, గాయపడితిరా యని విడివిడిగా అడిగిరి. ఇందొక చిక్కు గలదు: సాక్ష్యము చెప్పవలసిన జ్ఞాపకమునే మద్యము చెరిపివేయును. అందుచే త్రాగినవాని మాట యొక్కటే చాలదు. ఇతరుల వలన మీకేమి కలిగినదని కూడ అడుగగా, నిద్ర చెడినదనియు, చదువు సాగలేదనియు, అవమానము పొందితిమనియు పలువురు తెలిపిరి.

త్రాగుట తన సొంతవిషయమని యువకుడు అనవచ్చును. ప్రక్కగదిలోని సహాధ్యాయి కోల్పోయిన నిద్రయు అతని లెక్కలోనిదేయని మనము అతనికి తెలుపవలెను.