యూనిట్ 7: కారు ఏసీలో దుర్వాసన – కారణ నిర్ధారణ, నివారణ

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• పొడి ప్రాంతంలో కూడా ఏసీ లోపల తేమ ఎందుకు చేరుతుందో వివరించగలుగుతారు.
• వాసన రకాన్నిబట్టి, అది వచ్చే సమయాన్నిబట్టి కారణాన్ని గుర్తించగలుగుతారు.
• తక్కువ ఖర్చు పనితో మొదలుపెట్టి వరుసక్రమంలో సరిచేయగలుగుతారు.
• వెంటనే బండి ఆపవలసిన సందర్భాలను తెలుసుకుంటారు.

7.1 పరిచయం

కర్నూలు, కడపలలో బాడుగ కారు నడిపే వ్యక్తికి ఏసీ వాసన చిన్న చికాకు కాదు. ఒకసారి ముక్కు మూసుకొని ప్రయాణించినవారు మళ్లీ ఆ కారును పిలవరు. ఉబ్బసం ఉన్నవారికి బూజుతో కూడిన గాలి హాని చేస్తుంది.

వాసన రాగానే చాలామంది గ్యాస్ నింపిస్తారు. ఇది సరైన చికిత్స కాదు. కార్లలో విరివిగా వాడే ఆర్-134ఎ శీతలీకరణ వాయువుకు దాదాపు వాసన ఉండదు. గ్యాస్ తగ్గితే చల్లదనం తగ్గుతుంది. ముక్కిన వాసన రాదు.

7.2 పొడి ప్రాంతంలో తడి ఎక్కడిది?

డాష్‌బోర్డు లోపల ఉండే ఎవాపరేటర్‌ను మెకానిక్కులు కూలింగ్ కాయిల్ అంటారు. గాలి దీని సన్నని అల్యూమినియం రేకుల మధ్యగా వెళ్లి చల్లబడుతుంది.

ఒక లెక్క చూడండి. ఎండాకాలంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్, సాపేక్ష ఆర్ద్రత 25 శాతం అనుకుందాం. ఆ గాలిలోని ఆవిరి సుమారు 16 డిగ్రీల వద్ద నీరుగా మారడం మొదలవుతుంది. పనిచేస్తున్న కాయిల్ అంతకంటే చల్లగా ఉంటుంది. కాబట్టి గాలి ఎంత పొడిగా అనిపించినా కాయిల్‌పై నీటి బిందువులు ఏర్పడతాయి.

ఈ తడికి దుమ్ము తోడవుతుంది. బేతంచెర్ల, ఎర్రగుంట్ల ప్రాంతాలలో నాపరాళ్ల గనులు, పాలిష్ యూనిట్ల దగ్గర రాతిపొడి గాలిలో తేలుతుంది. అది తడి రేకులకు అంటుకొని పొరగా మారుతుంది. దానిలో ఆకుల తునకలు, వెంట్రుకలు చేరితే బూజుకు, బాక్టీరియాకు ఆహారం దొరుకుతుంది. వేసవంతా పేరుకున్న ఈ మురికి వర్షాకాలంలో ఎక్కువసేపు తడిగా ఉంటుంది. అందువల్ల తొలి వానలతోపాటే వాసన బయటపడడం సహజం.

7.3 కారణ నిర్ధారణ

దేన్నీ విప్పకముందే మూడు పరీక్షలు చేయండి.

1. ఏసీ, బ్లోయర్ రెండూ ఆపి కారులో కూర్చోండి. అప్పుడూ వాసన ఉంటే కార్పెట్, సీట్లు, డిక్కీ వెతకండి.
2. ఏసీ ఆపి బ్లోయర్ మాత్రమే నడపండి. బయటిగాలి తీసుకున్నప్పుడే వాసన వస్తే, వైపర్ల కింద గాలి లోపలికి వచ్చే చోట చూడండి. వేపచెట్టు కింద నిలిపే కార్లలో అక్కడ ఆకులు కుళ్లుతుంటాయి.
3. ఏసీ వేసిన మొదటి ఒకటి రెండు నిమిషాలలోనే ముక్కిన వాసన వస్తే, కాయిల్‌ను గాని ఫిల్టర్‌ను గాని అనుమానించండి.

చచ్చిన ఎలుక వాసన ఏ పరీక్షలోనైనా తీవ్రంగానే ఉంటుంది. ఫిల్టర్ పెట్టె, బ్లోయర్ గది మొదట తెరచి చూడాలి.

7.4 సరిచేసే క్రమం

ఒకసారికి ఒక్క పనే చేసి ఫలితం చూడండి. అన్నీ ఒకేసారి మారిస్తే అసలు కారణం తెలియదు.

మొదటి దశ – క్యాబిన్ ఫిల్టర్: ఇది చాలా కార్లలో గ్లోవ్ బాక్సు వెనుక ఉంటుంది. నల్లబడిన, తడిసిన కాగితపు ఫిల్టర్‌ను కడిగి వాడకండి, మార్చండి. దుమ్ము రోడ్లపై తిరిగే కారుకు కంపెనీ చెప్పిన గడువుకంటే ముందే మార్చాలి.

రెండవ దశ – నీరు పోయే గొట్టం: తేమగా ఉన్న రోజున 15 నిమిషాలు ఏసీ నడిపినా కారు కింద నీరు పడకపోతే గొట్టం మూసుకుపోయి ఉండవచ్చు. ముందు సీటు కింది కార్పెట్ తడిగా ఉంటే అనుమానం బలపడుతుంది. కింది నుంచి తక్కువ ఒత్తిడితో గాలి కొట్టించండి. ఇనుప తీగ దూర్చకండి.

మూడవ దశ – కాయిల్ శుభ్రత: ఇంజిన్ ఆపి, ఫిల్టర్ తీసి, కాయిల్ కోసం తయారైన నురుగు క్లీనర్‌ను డబ్బాపై సూచించినట్లు వాడండి. తరువాత కిటికీలు తెరచి బ్లోయర్ నడపండి. ఫినాయిల్, బ్లీచింగ్ ద్రవం వాడకండి. వాటి ఆవిరి నేరుగా మీ ఊపిరిలోకి వస్తుంది, బ్లీచింగ్ అల్యూమినియంను తినేస్తుంది. సెంటు సీసా వాసనను కప్పిపుచ్చుతుంది తప్ప పోగొట్టదు.

నివారణ సులభం. గమ్యం చేరడానికి అయిదు నిమిషాల ముందు ఏసీ ఆపి, బయటిగాలితో బ్లోయర్ మాత్రమే నడపండి. కాయిల్ చాలావరకు ఆరుతుంది. రాళ్ల లారీ వెనుక వెళ్లేటప్పుడు లోపలిగాలి మీట వాడండి. దుమ్ము దాటగానే తిరిగి బయటిగాలికి మార్చండి.

7.5 వెంటనే ఆపవలసిన వాసనలు

• పెట్రోలు వాసన: ఇంజిన్ ఆపి, అందరినీ దింపండి. నిప్పు దగ్గరకు రానీయకండి.
• కాలిన వైరు వాసన: ఏసీ, ఇంజిన్ ఆపి దిగండి.
• తియ్యటి వాసన, అద్దంపై జిగురు మసక: హీటర్ నుంచి కూలెంట్ కారుతుండవచ్చు. అది విషపదార్థం. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తెరవకండి.
• పొగగొట్టం వాసన: కిటికీలు తెరచి బండి ఆపండి. దానితోపాటు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు, అది ప్రాణాంతకం. ఇంజిన్ నడుస్తుండగా అద్దాలు మూసి కారులో ఎప్పుడూ నిద్రపోకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక కారులో ఏసీ వేయగానే ముక్కిన వాసన వస్తున్నది. ఫిల్టర్ కొత్తది. ఎడమవైపు కార్పెట్ తడిగా ఉంది. కారు కింద నీరు పడడం లేదు. ముందుగా దేన్ని పరిశీలిస్తారు? ఎందుకు?

7.6 సారాంశం

ఏసీ వాసనకు తరచుగా మూలం తడి, దుమ్ము, బూజుల కలయిక. పొడి వాతావరణంలోనూ కాయిల్ తడుస్తుంది. ముందు పరీక్షలు, తరువాత ఫిల్టర్, గొట్టం, కాయిల్ అనే వరుస పాటిస్తే అనవసర ఖర్చు తప్పుతుంది. ఇంధనం, కాలిన వైరు, కూలెంట్, పొగ వాసనలు వస్తే ఈ వరుస పక్కనపెట్టి బండి ఆపాలి.

7.7 నమూనా పరీక్షా ప్రశ్నలు

1. రాయలసీమ వేసవిలో కూడా ఎవాపరేటర్‌పై నీరు చేరడానికి కారణాలు వివరించండి.
2. గ్యాస్ నింపినంత మాత్రాన దుర్వాసన ఎందుకు పోదు?
3. మీకు తెలిసిన ఒక కారుపై మూడు పరీక్షలు జరిపి, ఫలితాలను పట్టికగా రాయండి.